విదర్‌స్పూన్ వీధి చివరి పిజ్జా దుకాణం: ప్రిన్స్‌టన్ యాత్ర

గురువారం

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ప్రిన్స్‌టన్‌కు కారులో ముప్పావుగంట ప్రయాణం. మా చెల్లెలు కారులో దింపుతానని ఎంత చెప్పినా నేను రైలుకే మొగ్గు చూపాను, ఎందుకంటే ఆ ఊరికి రైలులో చేరుకోవడమే ఒక చూడదగిన ముచ్చట. ఎడిసన్‌లో ఎక్కిన రైలు న్యూ బ్రన్‌స్విక్ మీదుగా ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో దింపుతుంది. అక్కడ పక్క ప్లాట్‌ఫారంపై ఊళ్లోకి వెళ్లే చిన్న బండి సిద్ధంగా ఉంటుంది. దాన్ని అందరూ ముద్దుగా 'డింకీ' అంటారు. అది నడిచే దారి మొత్తం 2.7 మైళ్లే. కూర్చుని, సంచి ఒళ్లో సర్దుకుని, కిటికీలోంచి రంగు మారిన చెట్లను నాలుగు చూసేసరికి ఊరు వచ్చేస్తుంది. 2019 అక్టోబరు కావడం వల్ల మేపుల్ ఆకులు అప్పుడే ఎర్రబారుతున్నాయి.

ఒకప్పుడు ఈ బండి విశ్వవిద్యాలయం నడిబొడ్డున బ్లెయిర్ హాల్ మెట్ల కిందికే వచ్చి ఆగేదట. తర్వాత స్టేషన్‌ను దక్షిణానికి జరిపారు, 2013లో ఇంకొంచెం జరిపారు. స్టేషన్ దగ్గర మా మేనకోడలు ఎదురుచూస్తోంది. ఇక్కడే పరిశోధన విద్యార్థిని. ఆ అమ్మాయి మొదట తీసుకువెళ్లింది కూడా ఆ బ్లెయిర్ హాల్ దగ్గరికే. 1897లో కట్టిన ఆ భవనపు కమాను కింద నిలబడి తల పైకెత్తితే ఇంగ్లండ్ దేశపు పాత కళాశాలల ప్రాంగణంలోకి అడుగుపెట్టామన్న భ్రమ కలుగుతుంది. ఆ భ్రమ కలగాలనే అలా కట్టారు. 1746లో 'కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ'గా పుట్టిన ఈ సంస్థ 1896లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమని పేరు మార్చుకుంది. అప్పటినుంచి మూడు దశాబ్దాల పాటు గోథిక్ శైలిలో హాలు మీద హాలు లేపింది. 1913లో గ్రాడ్యుయేట్ కాలేజీ, 1928లో పెద్ద ప్రార్థనామందిరం ఆ వరుసలోనివే.

నసావ్ హాల్ వీటన్నిటికంటే చాలా పాతది, 1756 నాటిది. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో భాగంగా 1777 జనవరి 3న జరిగిన ప్రిన్స్‌టన్ యుద్ధంలో ఫిరంగి దెబ్బలు తిన్నది. 1783లో కొన్ని నెలల పాటు కొత్త దేశపు కాంగ్రెస్ సమావేశాలకు ఆతిథ్యం ఇచ్చింది. యాత్రికులందరూ దాని ముందు ఫొటోలు తీసుకుంటారు, మేమూ తీసుకున్నాం. అయితే నేను ఈ ఊరికి వచ్చిన పని వేరు. 1936 నుంచి నడుస్తున్న 'కాంటీస్' అనే పిజ్జా దుకాణం ఇక్కడ ఉందని, అది కళాశాల గేటుకు ఎదురుగా కాక ఊరి మరో కొసన ఉందని మా మేనకోడలు ఫోనులో చెప్పినప్పటినుంచి నాకు ఒక సందేహం పట్టుకుంది. విద్యార్థుల జేబుల మీద బతికే ఊళ్లో, విద్యార్థులకు దూరంగా ఉన్న ఒక తిండి దుకాణం ఎనభై ఏళ్లు దాటి ఎలా నిలబడింది? ఆ సందేహానికి సమాధానం ఈ రాతి గోడల్లోనే మొదలవుతుందని ఆ సాయంత్రం నాకు తెలియలేదు.

శుక్రవారం

నసావ్ వీధి ఊరికి ముఖ్య వీధి. దానికి ఒకవైపు విశ్వవిద్యాలయం, మరోవైపు దుకాణాలు. విశ్వవిద్యాలయపు ముఖద్వారానికి ఎదురుగా మొదలై ఉత్తరానికి సాగిపోయేదే విదర్‌స్పూన్ వీధి. ఈ కళాశాలకు ఆరో అధ్యక్షుడిగా పనిచేసి, స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన జాన్ విదర్‌స్పూన్ పేరు దానిది. కాంటీస్ ఈ వీధిలోనే 339వ నంబరు ఇల్లు. నసావ్ వీధి నుంచి మైలుకు కాస్త తక్కువ దూరం. దారి పొడవునా ఆగి చూసుకుంటూ సాయంత్రానికి అక్కడికి చేరాలని ఇద్దరం మధ్యాహ్నమే బయలుదేరాం.

మొదట కాఫీ దుకాణాలు, పుస్తకాలు, ఖరీదైన ఐస్‌క్రీము కనిపిస్తాయి. ఆ తర్వాత ఊరి గ్రంథాలయం వస్తుంది. దాన్ని దాటి విగ్గిన్స్ వీధి మలుపుకు వస్తే 1757 నాటి ప్రిన్స్‌టన్ శ్మశానవాటిక ఉంది. అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్, ఉపాధ్యక్షుడు ఆరన్ బర్, గణితవేత్తలు కుర్ట్ గోడెల్, జాన్ వాన్ నాయ్‌మన్ అక్కడ శాశ్వత నిద్రలో ఉన్నారు. గోడెల్ సమాధి ముందు ఎవరో గులకరాళ్లు వరుసగా పేర్చి వెళ్లారు.

అక్కడినుంచి వీధి స్వరూపం మారుతుంది. ఇళ్లు చిన్నవవుతాయి, ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి, వరండాలు రోడ్డు వైపు చూస్తుంటాయి. దీన్ని విదర్‌స్పూన్-జాక్సన్ పేట అంటారు. ప్రిన్స్‌టన్‌లోని నల్లజాతి కుటుంబాలు తరాలుగా ఉన్న చోటు ఇది. 2016లో పురపాలక సంఘం దీన్ని చారిత్రక ప్రాంతంగా గుర్తించింది. గాయకుడు, నటుడు, హక్కుల కోసం గొంతెత్తిన పాల్ రాబ్సన్ 1898లో ఈ వీధిలోనే 110వ నంబరు ఇంట్లో పుట్టాడు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన అతని తండ్రి విదర్‌స్పూన్ వీధి ప్రెస్బిటేరియన్ చర్చిలో బోధకుడు. కళ్లెదుట కనిపించే విశ్వవిద్యాలయం ఆ రోజుల్లో నల్లవారిని చేర్చుకునేది కాదు. రాబ్సన్ రట్గర్స్ అనే మరో విశ్వవిద్యాలయంలో చదివాడు. ఇంటి ముందు నిలబడి, వచ్చిన దారివైపు తిరిగి చూస్తే, ఆ గేటు ఎంత దగ్గరో తెలుస్తుంది. ఈ మాట పుస్తకంలో చదివినప్పుడు కలిగిన బాధ ఒకటి, ఆ కొద్దిపాటి దూరాన్ని కాళ్లతో కొలిచినప్పుడు కలిగినది వేరొకటి.

ఇదే పేటలో, నల్లజాతి కుటుంబాల పక్కనే ఇటాలియన్లు స్థిరపడ్డారు. గురువారం మేము తల ఎత్తి చూసిన గోథిక్ గోడలు వాళ్ల చేతుల మీదుగా లేచాయి. దక్షిణ ఇటలీలోని మొలీజె ప్రాంతంలో పెట్టొరనెల్లో అనే కొండ పల్లె ఉంది. జనాభా ఇప్పటికీ కొన్ని వందలే. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట అక్కడినుంచి రాతి పనివారు, తోటపనివారు ఒకరి వెనుక ఒకరు ప్రిన్స్‌టన్‌కు వచ్చారు. ముందు వచ్చినవాడు తమ్ముడిని పిలిపించాడు, తమ్ముడు బావమరిదిని పిలిపించాడు. కృష్ణా, గోదావరి జిల్లాల పల్లెలనుంచి ఎడిసన్ వరకు మనవాళ్లు వచ్చిన తీరు తెలిసినవారికి ఈ కథ వేరే చెప్పనక్కరలేదు. మనవాళ్లు చేతిలో డిగ్రీతో, కంపెనీ ఇచ్చిన వీసాతో విమానం దిగారు. వాళ్లు ఓడ దిగి ఉలి, సుత్తి పట్టుకున్నారు. కొన్ని భవనాలకు కావలసిన రాయి ఊరి క్వారీలోనే దొరికింది. గట్టిగా, బూడిదరంగులో ఉండే ఆర్జిలైట్ రాయి అది. దాన్ని పలకలుగా చీల్చి, మూలలు సరిచేసి, వరుసకు వరుస పేర్చడం తెలిసినవాళ్లు లేకపోతే గోథిక్ శైలి కాగితం మీద గీతగానే మిగిలేది.

ఇంతమంది పనివారు ఉన్న పేటకు సాయంత్రం కూర్చునే చోటు ఒకటి కావాలి. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం ఉంది. అది ఎత్తివేసిన తర్వాత పేటపేటకూ బార్లు తెరుచుకున్నాయి. 1936లో కాంటీ కుటుంబం పెట్టినదీ అలాంటి బారే. పిజ్జా తర్వాత వచ్చి చేరింది. ఈ క్రమం తెలిస్తే ఆ పిజ్జా ఎందుకు అంత పలచగా ఉంటుందో కూడా తెలుస్తుంది. బీరు తాగేవాడికి కడుపు నింపే మందపాటి రొట్టె పనికిరాదు. కరకరలాడుతూ, ఉప్పుగా, చేత్తో పట్టుకుంటే వంగకుండా, గ్లాసు పక్కన ఇరుకు బల్లపై ఇమిడేది కావాలి. న్యూజెర్సీ అంతటా పాత బార్లలో ఈ పలచని పిజ్జా కనిపించడానికి కారణం అదే.

మేము చేరేసరికి ఆరు దాటింది. చూడగానే ఆకట్టుకునే భవనమేమీ కాదు. తెలియనివారు ముందునుంచే నడిచి వెళ్లిపోతారు. తలుపు తీయగానే మాత్రం హోరు వినిపించింది. లోపల విశాలమైన ఒకే ఒక గది, ఒక పక్క పొడవాటి బార్, మిగతా చోటంతా సాదా బల్లలు. గోడలపై అలంకారం కోసం తంటాలు పడినట్టు ఎక్కడా కనిపించలేదు. ఇటలీ దృశ్యాలు, ద్రాక్షగుత్తుల బొమ్మలు, గళ్ల బల్లగుడ్డలు పెట్టి ఇటాలియన్ వాతావరణం సృష్టించే పని ఇక్కడ ఎవరూ పెట్టుకోలేదు. అది నాకు ఎంతో నచ్చింది. తాము ఎవరో తమకు తెలిసినవాళ్లు దాన్ని గోడమీద రాసుకోరు.

బల్ల ఖాళీ కావడానికి చాలాసేపు నిలబడవలసి వచ్చింది. నిలబడ్డవారిలో ఫుట్‌బాల్ దుస్తుల్లో ఉన్న పిల్లలు, వాళ్లను ఆటనుంచి నేరుగా తీసుకువచ్చిన తల్లిదండ్రులు, చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ, పని బూట్లు విప్పకుండానే వచ్చిన ఇద్దరు కూలీలు ఉన్నారు. విశ్వవిద్యాలయపు చొక్కాలు ఒకటి రెండు కనిపించాయి, అంతే. "మా డిపార్ట్‌మెంట్ వాళ్లు నసావ్ వీధిలో ముక్కలు కొనుక్కుని నడుస్తూ తినేస్తారు మావయ్యా. ఇక్కడికి రావాలంటే తీరిక ఉండాలి, లేదా ఈ ఊళ్లో ఇల్లు ఉండాలి" అంది మా మేనకోడలు. ఆ ఒక్క మాటలో ఎనభై ఏళ్ల లెక్క ఉంది. విద్యార్థి నాలుగేళ్లకు వెళ్లిపోతాడు. అతని అభిరుచి వెంట పరుగెత్తే దుకాణం నాలుగేళ్లకోసారి వేషం మార్చాలి. ఊళ్లో ఇల్లున్నవాడు తన కొడుకును తీసుకువస్తాడు, ఆ కొడుకు తన పిల్లలను తీసుకువస్తాడు, వాళ్లకు నిన్న ఉన్న రుచే రేపూ కావాలి.

మాకు సగం ఉల్లిపాయలు, సగం పుట్టగొడుగులు వేసిన పెద్ద పిజ్జా చెప్పుకున్నాం. నేను మాంసం తినను. మన శాకాహారులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పిజ్జా మీద మాంసం లేనంత మాత్రాన అందరికీ సమ్మతం కాకపోవచ్చు. జున్ను గడ్డకట్టించడానికి సంప్రదాయంగా వాడే రెన్నెట్ దూడ కడుపునుంచి తీసినది, ముఖ్యంగా పార్మెజాన్ వంటి ఇటాలియన్ జున్నుల్లో. సూక్ష్మజీవులనుంచి తయారయ్యే రెన్నెట్ కూడా ఇప్పుడు విరివిగా వాడుతున్నారు. పట్టింపు ఉన్నవారు అడిగి తెలుసుకోవడం మంచిది. అడిగితే ఎవరూ చిన్నబుచ్చరు.

పిజ్జా వచ్చింది. పళ్లెం బల్లపై పెట్టగానే మొదట కంటపడినవి అంచు మీది బుడగలు. కొన్ని గోధుమరంగులో, కొన్ని మాడు రంగులో, వేలితో నొక్కితే పుటుక్కున పగిలేలా ఉన్నాయి. జున్ను అంచుకు అంగుళం దూరంలో ఆగిపోకుండా దాదాపు చివరిదాకా పరుచుకుంది, దానిపై నారింజరంగు నూనె సన్నని మడుగులుగా మెరుస్తోంది. ఉల్లిపాయలు పూర్తిగా మగ్గలేదు, చివర్లు మాత్రం కాస్త రంగు తేలాయి. ముక్కను ఒక కొసన పట్టుకుని ఎత్తితే అవతలి కొస వేలాడకుండా బల్లలా నిలిచింది. అడుగు భాగాన్ని తిప్పి చూశాను. పిండి చల్లిన గుర్తులు, వాటి మధ్య చిరుతపులి మచ్చల్లా చిన్న చిన్న కాలిన చుక్కలు. వేడెక్కిన పొయ్యి నేల పిండిలోని తడిని కింది నుంచి చకచకా లాగేస్తే తప్ప ఇంత పలచని రొట్టె ఇంత గట్టిగా నిలవదు. పొయ్యి చల్లగా ఉంటే రొట్టె పొడిబారుతుంది తప్ప కరకరలాడదు. టొమాటో రసంలో తీపి తక్కువ, పులుపు తిన్నగా ఉంది. ఎండుమిరప తునకలు చల్లుకోవడానికి సీసా బల్లపైనే ఉంది. మొదటి ముక్కకు చల్లుకోలేదు. రెండోదానికి చల్లుకున్నాను. మూడోదానికి మళ్లీ మానేశాను, ఎందుకంటే కారం ఆ పులుపును కప్పేస్తోంది.

పక్క బల్లమీద ఎనభై ఏళ్లు ఉండవచ్చనిపించే ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. మేము ముక్కను తిప్పి అడుగు చూడటం గమనించి ఆయనే నవ్వుతూ పలకరించారు. ఆయన తాత పెట్టొరనెల్లో నుంచి వచ్చి విశ్వవిద్యాలయంలో రాతి పని చేశాడట. తండ్రి తోటపని చేసేవాడట. చిన్నప్పుడు శుక్రవారమంటే పిజ్జా అనే వాళ్ల ఇంట్లో అర్థమట. కారణం అడిగితే చెప్పారు. అమెరికాలో కాథలిక్కులు 1966 దాకా ప్రతి శుక్రవారమూ మాంసం మానేయాలన్న నియమాన్ని పాటించేవారు. ఇంట్లో చేప వండని శుక్రవారం జున్ను, టొమాటో వేసిన రొట్టెతో గడిచేది. మన ఇళ్లలో శనివారం నీచు ముట్టనట్టే వాళ్లకు శుక్రవారం. నియమం సడలిపోయి అర్ధశతాబ్దం దాటినా అలవాటు మిగిలింది. ఆ రోజు అంత రద్దీ ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. మా మేనకోడలు ఆయన్ను మీ తాతగారు పనిచేసిన భవనం ఏదని అడిగింది. "ఏదో ఒకటి కాదమ్మా, అన్నీ" అన్నారాయన. ఆ జవాబులో గర్వం ఉంది, అతిశయోక్తి కూడా కొంత ఉండవచ్చు. నేను మాత్రం మనసారా నమ్మాను.

తిరిగి వస్తూ దగ్గరలోని బర్చ్ అవెన్యూలోకి తిరిగాం. 1930 దశకంలో నసావ్ వీధికి ఎదురుగా పామర్ స్క్వేర్ అనే అందమైన దుకాణాల కూడలి కట్టడానికి అక్కడున్న నల్లజాతి కుటుంబాలను ఖాళీ చేయించారు. కొన్ని ఇళ్లను అలాగే లేపి ఈ వీధికి తరలించారు. ఈ రోజు యాత్రికులు పామర్ స్క్వేర్‌లో బెంచీమీద కూర్చుని కాఫీ తాగుతారు. ఆ ఊరి అందం ఎవరి ఇళ్ల మీద పరిచారో చెప్పే ఫలకం కంటే బర్చ్ అవెన్యూలోని ఆ సన్నని ఇళ్లు ఎక్కువ చెబుతాయి. కాంటీస్ పుట్టిన దశాబ్దమూ అదే కావడం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది.

శనివారం

ఉదయం పెట్టొరనెల్లో గార్డెన్స్‌కు వెళ్లాం. ఆ ఇటాలియన్ పల్లె, ప్రిన్స్‌టన్ సోదర నగరాలు. ఆ బంధానికి గుర్తుగా ఊరి ఉత్తరపు పార్కులో ఒక చెరువు, దాని పక్కన ఆరుబయట వేదిక, నడకదారులు ఏర్పరచారు. గైడు పుస్తకాలు దీన్ని పట్టించుకోవు. ఉదయం మంచులో బాతులు తప్ప మరెవరూ లేరు. ఏ విశ్వవిద్యాలయమో కాక తోటమాలుల, తాపీపనివారి సొంతూరు పేరు ఒక పార్కుకు పెట్టుకున్న ఈ పట్నంపై నాకు గౌరవం పెరిగింది.

అక్కడినుంచి జాన్ వీధిలోని డొరోథియా హౌస్‌కు నడిచాం. వాన్ డైక్, మెక్‌లేన్ కుటుంబాలు చనిపోయిన డొరోథియా జ్ఞాపకార్థం 1910 దశకంలో కట్టించిన భవనం అది. ఇటలీనుంచి వచ్చినవారికి ఇంగ్లీషు నేర్పడానికి, పిల్లలకు ఆటపాటలకు అది కేంద్రమైంది. ఇప్పటికీ ఇటాలియన్ సంస్కృతికి సంబంధించిన సభలు అక్కడ జరుగుతుంటాయి. ఆ రోజు మూసి ఉండటంతో బయటినుంచే చూశాం.

మధ్యాహ్నం మర్సర్ వీధి మీదుగా ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ అనే పరిశోధన సంస్థకు వెళ్లాం. దారిలో 112వ నంబరు తెల్లని ఇల్లు ఐన్‌స్టీన్‌ది. 1935 నుంచి 1955లో కన్నుమూసేదాకా ఆయన ఉన్న ఇల్లు. లోపలికి ప్రవేశం లేదు, బోర్డు కూడా లేదు. 1937లో గాయని మేరియన్ ఆండర్సన్ ఈ ఊళ్లో కచేరీ చేయడానికి వస్తే నల్లజాతి స్త్రీ అని హోటల్లో గది ఇవ్వలేదు. ఐన్‌స్టీన్ ఆమెను తన ఇంటికి పిలిచి ఆతిథ్యం ఇచ్చాడు. ఈ ఊరి గురించి చెప్పేవారు సాపేక్షతతో పాటు ఈ సంగతీ చెప్పాలి.

ఇన్‌స్టిట్యూట్ ఫుల్డ్ హాల్ ముందు పచ్చిక మీద కూర్చున్నప్పుడు మా మేనకోడలికి కొమరవోలు చంద్రశేఖరన్ గురించి చెప్పాను. 1920లో మచిలీపట్నంలో పుట్టిన ఆ గణితవేత్త 1940 దశకం చివర ఇదే సంస్థలో జర్మన్ గణితవేత్త హెర్మన్ వైల్‌కు సహాయకుడిగా పనిచేశాడు. ఆ తర్వాత హోమీ భాభా ఆహ్వానం మీద బొంబాయి వెళ్లి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గణిత విభాగాన్ని ప్రపంచస్థాయికి తెచ్చాడు. గణితంలోనే పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయికి ఆ పేరు సిద్ధాంతాల కింద పాదసూచికల్లో తెలుసు గాని, ఆయనది బందరని తెలియదు. ఆ పచ్చిక మీదనుంచి లేవడానికి ఆమెకు చాలాసేపు మనసొప్పలేదు.

ఆదివారం

కాంటీస్ పిజ్జా తిన్న తర్వాత ఈ ప్రాంతపు మరో సంప్రదాయాన్ని రుచి చూడకుండా వెళ్లకూడదనిపించింది. ప్రిన్స్‌టన్‌కు నైరుతి దిక్కున ఉన్న ట్రెంటన్ రాష్ట్ర రాజధాని. ఒకప్పుడు ఉక్కు తాళ్లకు, పింగాణీకి పేరుపొందిన కార్మిక నగరం. అక్కడి ఇటాలియన్ పేటలో పుట్టినది 'టొమాటో పై' అనే తరహా పిజ్జా. అందులో జున్ను ముందు పరుస్తారు, దానిపై చేత్తో చిదిమిన టొమాటోలు అక్కడక్కడ వేస్తారు. 1912లో మొదలైన పాపాస్, 1947 నాటి డి లొరెంజోస్ వంటి పేరున్న దుకాణాలు ఇప్పుడు ట్రెంటన్‌లో లేవు. పాపాస్ 2013లో రాబిన్స్‌విల్‌కు తరలిపోయింది. డి లొరెంజోస్ అంతకుముందే అక్కడ తెరిచి, 2012లో ట్రెంటన్ దుకాణం మూసేసింది. తినేవాళ్లు శివార్లకు వెళ్లిపోతే పొయ్యి కూడా వాళ్ల వెంట వెళ్లింది.

రాబిన్స్‌విల్ అనగానే న్యూజెర్సీ తెలుగువారికి గుర్తొచ్చేది స్వామినారాయణ మందిరం. మా చెల్లెలు, బావగారు ఎడిసన్‌నుంచి కారులో వచ్చి మమ్మల్ని ఎక్కించుకుని మొదట అక్కడికే తీసుకువెళ్లారు. 2014లో తెరిచిన ఆ మందిరానికి వాడినది ఇటలీలోని కర్రారా పాలరాయి. దాన్ని రాజస్థాన్‌లో చెక్కి, ముక్కలుగా ఓడల్లో ఇక్కడికి చేర్చి కూర్చారు. పక్కనే మరింత పెద్ద మందిరం అప్పట్లో నిర్మాణంలో ఉంది. ఇటలీనుంచి వచ్చిన పనివారు అమెరికా రాయిని చెక్కిన చోటికి పది పన్నెండు మైళ్ల దూరంలో, ఇటలీనుంచి వచ్చిన రాయిని భారతీయ శిల్పులు చెక్కిన కట్టడం నిలబడి ఉండటం చూసి, స్తంభంమీది లతలపై చాలాసేపు చెయ్యి ఆన్చి నిలబడ్డాను.

అక్కడినుంచి పాపాస్‌కు వెళ్లాం. ఒక టొమాటో పై, ఒక ఆవాల పై చెప్పుకున్నాం. పిండి మీద జున్నుకంటే ముందు ఆవాల ముద్దను పలచగా పూసి కాల్చే ఆ పిజ్జా ఈ దుకాణపు ప్రత్యేకత. ఆవపిండి ఘాటు మన నాలుకకు కొత్త కాదు గనుక అందరం తెగించాం. మొదటి కొరుకులో జున్ను, టొమాటోల రుచే తెలుస్తుంది. నమిలేకొద్దీ ఘాటు అడుగునుంచి పైకి లేచి ముక్కులోకి వెళ్తుంది. బావగారు ఒక ముక్కతో ఆగిపోయారు. మా చెల్లెలు తన వాటా తిని ఆయన వాటా కూడా తీసుకుంది. నాకు మాత్రం సాదా టొమాటో పై ఎక్కువ నచ్చింది. టొమాటో జున్నుకింద అణిగిపోకుండా పైనే ఉండి పొయ్యి వేడికి నేరుగా ఉడకడం వల్ల దాని తీపి, పులుపు విడివిడిగా తెలుస్తాయి. రుచి వరకే అయితే దీనికే పెద్దపీట వేస్తాను.

అయినా వెళ్లదలచినవారికి ఒకటే సలహా ఇవ్వమంటే నేను కాంటీస్‌నే చెబుతాను, అదీ శుక్రవారమే వెళ్లమంటాను. పాపాస్ పిజ్జా నూరేళ్లు దాటినదే, కానీ అది కొత్త చోట, కారు పార్కింగు మధ్య ఉంది. అక్కడికి చేరడానికి ఏ పేటనూ దాటి నడవనక్కరలేదు. కాంటీస్‌కు మాత్రం నసావ్ వీధినుంచి కాలినడకనే వెళ్లాలి, రాబ్సన్ ఇంటి ముందు కాసేపు ఆగాలి, ఆకలి బాగా వేయనివ్వాలి. మా మేనకోడలు ఈ మాట విని, వచ్చే శుక్రవారం తన డిపార్ట్‌మెంట్‌లోని మిత్రులను వెంటబెట్టుకుని అదే దారిలో నడిపించి తీసుకువెళ్తానని కారులోనే వాళ్లకు సందేశాలు పంపడం మొదలుపెట్టింది. మేము ఆమెను ప్రిన్స్‌టన్‌లో దింపేలోగా నలుగురు వస్తామన్నారు.